కెనడా ఖజానా, అమెరికా సరిహద్దు

ఒంటారియోలోని విండ్సర్ నగరంలో నది ఒడ్డుకు వెళ్తే అవతల డెట్రాయిట్ మేడలు కనిపిస్తాయి. ఇవతల తయారైన విడిభాగం అవతలి ఫ్యాక్టరీకి వెళ్తుంది, అక్కడ మరో భాగంతో కలిసి మళ్లీ ఇవతలికి వస్తుంది. ఒక కారు పూర్తయ్యేలోపు దాని భాగాలు ఈ నదిని పలుమార్లు దాటుతాయి. ఆ లారీలకు దశాబ్దాల తరబడి ప్రధాన దారి 1929లో కట్టిన అంబాసడర్ వంతెన. అది ఒక ప్రైవేటు కుటుంబం సొత్తు. రెండు దేశాల మధ్య సరుకుల వ్యాపారంలో దాదాపు నాలుగో వంతు దాని మీదుగానే సాగింది. 2022 ఫిబ్రవరిలో కొవిడ్ ఆంక్షలకు వ్యతిరేకంగా నిరసనకారులు దాన్ని వారం పాటు దిగ్బంధిస్తే సరిహద్దుకు రెండు వైపులా కార్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు ఆగిపోయాయి.

ఇలాంటి ప్రమాదం ఉందని కెనడాకు ముందే తెలుసు. పక్కనే రెండో వంతెన కట్టాలని ఎప్పటి నుంచో అడుగుతోంది. మిచిగన్ శాసనసభ మాత్రం పైసా ఇవ్వనంది. చివరికి 2012లో స్టీఫెన్ హార్పర్ ప్రభుత్వం మిచిగన్ గవర్నర్ రిక్ స్నైడర్‌తో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం మొత్తం ఖర్చు కెనడాదే. అమెరికా నేల మీద కట్టే కస్టమ్స్ ప్రాంగణం, అక్కడి హైవేకు కలిపే రోడ్లు కూడా కెనడా లెక్కలోనే పడ్డాయి. ఆ డబ్బును తర్వాత టోలు రూపంలో రాబట్టుకోవాలి. యాజమాన్యంలో మాత్రం మిచిగన్‌కూ వాటా ఉంటుంది. 2018లో మొదలైన పని ఖర్చు 640 కోట్ల డాలర్లకు చేరింది. (ఈ వ్యాసంలో డాలర్లంటే కెనడా డాలర్లే.) వంతెనకు గోర్డీ హౌ పేరు పెట్టారు. ఆయన సస్కాచెవాన్‌లో పుట్టి డెట్రాయిట్ జట్టుకు ఆడిన ఐస్ హాకీ వీరుడు.

ఖర్చు తగ్గించడమే తన విధానమని చెప్పుకున్న కన్సర్వేటివ్ ప్రధాని పక్క దేశపు కస్టమ్స్ ఆఫీసు కట్టడానికి తన ప్రజల డబ్బు ఎందుకు ఇచ్చాడు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే కెనడా రాజకీయాల్లో సగం అర్థమైనట్టే. ఆ దేశంలో ప్రభుత్వ ఖర్చు మీద జరిగే ప్రతి పెద్ద వాదనా తిరిగి తిరిగి దక్షిణ సరిహద్దు దగ్గరకే చేరుతుంది. ఎగుమతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకే దేశానికి వెళ్తాయి. రోజుకు సుమారు 360 కోట్ల డాలర్ల సరుకులు, సేవలు ఆ గీత దాటుతాయి. ఆ గీత తెరిచి ఉంటే ఖజానా నిండుతుంది. మూతపడేలా ఉంటే దేశాన్ని నిలబెట్టడానికి ఖజానాయే ఖర్చు పెట్టాలి. లోటు, పన్నులు, ఆరోగ్యం, పైపులైన్లు అంటూ విడివిడిగా చర్చించే విషయాలన్నీ ఈ ఒక్క లెక్కలోని పద్దులే అని నేననుకుంటాను.

ఇది నిన్న మొన్నటి సంగతేమీ కాదు. 1854లో బ్రిటిష్ ఉత్తర అమెరికా వలసలకూ అమెరికాకూ మధ్య పరస్పర వాణిజ్య ఒప్పందం కుదిరింది. అంతర్యుద్ధం ముగిశాక, 1866లో, అమెరికా దాన్ని రద్దు చేసింది. మరుసటి ఏడాదే కెనడా సమాఖ్య పుట్టింది. పక్కింటి మార్కెట్ మూసుకుపోవడం దానికి ఏకైక కారణం కాకపోయినా గట్టి కారణాల్లో ఒకటి. ఆ 1867 రాజ్యాంగ చట్టంలోనే హాలిఫాక్స్ వైపు రైలు మార్గం వేసి తీరాలని రాసుకున్నారు. ఒక ప్రజాపనుల ఖర్చును రాజ్యాంగంలో చేర్చుకుని పుట్టిన దేశం అది. పడమటి తీరాన బ్రిటిష్ కొలంబియా 1871లో చేరింది కూడా రైలు వేస్తామన్న మాట మీదే. 1885 నవంబరులో క్రెయిగెలాకీ దగ్గర కెనడియన్ పసిఫిక్ రైల్వేకు చివరి మేకు కొట్టారు. సహజంగా ఉత్తర దక్షిణాలుగా పారాల్సిన వ్యాపారాన్ని ప్రజాధనం పోసి తూర్పు పడమరలకు మళ్లించారు.

ఆ రైలు పట్టాలకు తోడుగా 1879లో ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ సుంకాల గోడ కట్టాడు. అది స్థానిక పరిశ్రమకు రక్షణ, ఖజానాకు ఆదాయం. 1917లో ఆదాయపు పన్ను వచ్చేదాకా సమాఖ్య ప్రభుత్వం ప్రధానంగా కస్టమ్స్ రాబడి మీదే బతికింది. ఆ గోడను కొంత దించుదామని 1911లో ప్రధాని విల్‌ఫ్రిడ్ లోరియె అమెరికాతో ఒప్పందానికి సిద్ధపడ్డాడు. అదే సమయంలో అమెరికా ప్రతినిధుల సభ నాయకుడు చాంప్ క్లార్క్, తమ జెండా ఉత్తర ధ్రువం దాకా ఎగరాలని బహిరంగంగా ఆశపడ్డాడు. కెనడా ఓటరు ఉలిక్కిపడ్డాడు. లోరియె ఓడిపోయాడు. వాషింగ్టన్‌లో ఒకరు నోరు జారితే ఒట్టావాలో ప్రభుత్వాలు మారడం అప్పటి నుంచీ ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా గాలి మారింది. 1965 జనవరిలో కెనడా ప్రధాని లెస్టర్ పియర్సన్, అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో కార్ల ఒప్పందం మీద సంతకాలు చేశారు. విండ్సర్, ఓషావా పట్టణాల వైభవం దాని ఫలమే. 1985లో డొనాల్డ్ మెక్‌డొనాల్డ్ కమిషన్ పూర్తి స్వేచ్ఛా వాణిజ్యాన్ని సిఫార్సు చేసింది. ప్రధాని బ్రయన్ మల్రోనీ చేసుకున్న ఒప్పందాన్ని లిబరల్ సెనేటర్లు అడ్డుకోవడంతో 1988 నవంబరు ఎన్నికలు దాదాపు రెఫరెండంలా జరిగాయి. మల్రోనీకి 43 శాతం ఓట్లు, 169 సీట్లు వచ్చాయి. ఒప్పందాన్ని వ్యతిరేకించిన పార్టీలకు కలిపి సగానికి పైగా ఓట్లు పడ్డా అవి చీలిపోయాయి. ముప్పై ఆరేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్ 28న, అమెరికా మీద ఆధారపడటం తగ్గిస్తానన్న లిబరల్ నేత మార్క్ కార్నీకి దాదాపు అంతే శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు కూడా 169. సభ పెద్దదవడంతో మల్రోనీకి మెజారిటీ ఇచ్చిన అంకె కార్నీకి ఇవ్వలేకపోయింది.

ఈ రెండు ఎన్నికల నడుమ 1995 బడ్జెట్ ఉంది. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఎందుకంటే ఇవాళ ఒట్టావాలో పొదుపు గురించి మాట్లాడే ప్రతివాళ్లూ దాన్నే ఉదాహరణగా చూపిస్తారు. సగమే చూపిస్తారని నా ఫిర్యాదు.

1993-94లో సమాఖ్య లోటు దాదాపు 4,000 కోట్ల డాలర్లు. అప్పు దేశ ఆదాయంలో మూడింట రెండు వంతులకు చేరింది. ప్రభుత్వానికి వచ్చే ప్రతి డాలరులో మూడో వంతుకు పైగా వడ్డీకే పోయేది. 1995 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ సంపాదకీయం కెనడాను మూడో ప్రపంచ దేశాల వరసలో కూర్చోబెట్టింది. మరుసటి నెలలో ఆర్థిక మంత్రి పాల్ మార్టిన్ కత్తెర తీశాడు. 45 వేల సమాఖ్య ఉద్యోగాలకు కోత పెట్టాడు. ప్రెయిరీ మైదానాల గోధుమను రేవులకు చేర్చే రైళ్ల మీద తరాల నుంచి సాగుతున్న రాయితీని తీసేశాడు. ఆరోగ్యం, ఉన్నత విద్య, సంక్షేమాలకు ప్రావిన్సులకిచ్చే నిధులను ఒకే మూటగా కట్టి, ఆ మూటనే చిన్నది చేశాడు.

లెక్క తప్పలేదు. 1997-98కల్లా మిగులు వచ్చింది. వరుసగా పదకొండేళ్లు మిగులు బడ్జెట్లే. కానీ ఆ భారం మాయం కాలేదు, కిందికి దిగింది. ఆసుపత్రులు నడిపేది ప్రావిన్సులు. ఒంటారియోలో మైక్ హ్యారిస్ ప్రభుత్వం ఆసుపత్రులు మూసింది, కలిపేసింది. అల్బర్టాలో రాల్ఫ్ క్లైన్ ప్రభుత్వం తన లోటు తీర్చుకునే క్రమంలో కాల్గరీ జనరల్ ఆసుపత్రిని మూయించింది. 1998 అక్టోబరులో ఆ భవనాన్ని పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. ఇవాళ మోకాలి ఆపరేషన్‌కు నెలల తరబడి ఎదురుచూసే కెనడా పౌరుడి కష్టానికి ఒక వేరు ఆ రోజుల్లో ఉంది.

ఇక జనం చెప్పని రెండో సగం. అంత కోత పెట్టినా దేశం మాంద్యంలోకి జారకపోవడానికి అసలు కారణం సరిహద్దు అవతల ఉంది. ఆ సంవత్సరాల్లో అమెరికా ఆర్థిక వ్యవస్థ పరుగులు తీసింది. 1989లో స్వేచ్ఛా వాణిజ్యం మొదలైంది. 1994లో మెక్సికోను కలుపుకుని నాఫ్టా వచ్చింది. కెనడా డాలరు విలువ పడిపోతూ 2002 జనవరిలో అమెరికా డాలరులో 62 సెంట్ల దాకా దిగింది. సరుకు చవకైంది, తలుపు తెరిచే ఉంది, కొనేవాడి చేతిలో డబ్బుంది. శతాబ్దం మారేసరికి కెనడా సరుకుల ఎగుమతుల్లో 85 శాతానికి పైగా అమెరికాకే వెళ్తున్నాయి. ప్రభుత్వం ఖర్చు తగ్గించినచోట అమెరికా కొనుగోలుదారు వచ్చి నిలబడ్డాడు. మార్టిన్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ మందు పనిచేసింది అప్పటి వాతావరణంలో. 2025లో అదే మందు అడిగేవాళ్లు వాతావరణం మారిందన్న సంగతి చెప్పడం లేదు.

మిగులు రోజుల తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. హార్పర్ 2006లోనూ 2008లోనూ జీఎస్టీని ఏడు నుంచి ఆరుకు, ఆరు నుంచి ఐదు శాతానికి తగ్గించాడు. జనానికి నచ్చింది, ఖజానాకు శాశ్వతంగా చిల్లు పడింది. 2008 ప్రపంచ సంక్షోభంతో లోటు తిరిగి వచ్చింది. కొవిడ్ దాన్ని ఆకాశానికి ఎత్తింది. ఆ తర్వాత కూడా జస్టిన్ ట్రూడో ప్రభుత్వం పట్టు బిగించలేదు. 2023-24 లోటును 4,010 కోట్ల డాలర్లకు మించనివ్వమని చెప్పి 6,190 కోట్లకు తెచ్చారు. ఆ అంకె బయటపడాల్సిన రోజునే, 2024 డిసెంబరు 16న, ఆర్థిక మంత్రి క్రిస్టియా ఫ్రీలాండ్ రాజీనామా చేసింది. అమెరికా సుంకాల ముప్పు ముంచుకొస్తుంటే ఓట్ల కోసం తాయిలాలు పంచడం తగదని ఆమె లేఖ సారాంశం. మూడు వారాలకే, 2025 జనవరి 6న, ట్రూడో తానూ తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు.

తర్వాతి సంఘటనలు ఎంత వేగంగా జరిగాయంటే తేదీలు రాసుకోకపోతే వరస తప్పుతుంది. ఫిబ్రవరి 1న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కెనడా సరుకుల మీద 25 శాతం, ఇంధనం మీద 10 శాతం సుంకం ప్రకటించాడు. రెండు రోజులకు నెల గడువు ఇచ్చాడు. మార్చి 4న అమల్లోకి తెచ్చాడు. రెండు రోజులకే, నాఫ్టా స్థానంలో 2020 జూలైలో వచ్చిన త్రైపాక్షిక ఒప్పందం నిబంధనలకు లోబడిన సరుకులకు మినహాయింపు ఇచ్చాడు. ఉక్కు, అల్యూమినియం మీద 25 శాతం మార్చి 12న మొదలై జూన్ 4కు 50 శాతమైంది. ఏప్రిల్‌లో కార్ల మీద పడింది. ఆగస్టు 1న మినహాయింపు దక్కని సరుకులపై 35 శాతానికి పెంచాడు. వీటన్నిటి మధ్య కెనడాను 51వ రాష్ట్రం చేస్తానన్న మాట పదే పదే వినిపించింది.

సుంకాల దెబ్బ ఎగుమతుల మీద ఎంత పడిందో అందరూ రాశారు. కెనడా బడ్జెట్ మీద ఎంత పడిందో విడమరిచి చూడాల్సింది మూడు చోట్ల. ఫెంటనిల్ అనే మత్తుమందు వల్లే సుంకాలు వేస్తున్నానని ట్రంప్ అంటే కెనడా 130 కోట్ల డాలర్లతో సరిహద్దు భద్రత పథకం పెట్టింది, బ్లాక్ హాక్ హెలికాప్టర్లతో గస్తీ తిప్పింది. నిజానికి 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా అధికారులు ఉత్తర సరిహద్దులో పట్టుకున్న ఫెంటనిల్ 43 పౌండ్లు. దక్షిణ సరిహద్దులో పట్టుకున్నది 21 వేల పౌండ్ల పైమాటే. రక్షణ సంగతికొస్తే, ఏళ్లుగా దాటవేస్తూ వచ్చిన నాటో లక్ష్యాన్ని, అంటే దేశ ఆదాయంలో రెండు శాతం ఖర్చును, ఆ ఏడాదే అందుకుంటామని జూన్‌లో కార్నీ ప్రకటించాడు. అదే నెలాఖరుకు హేగ్ సదస్సులో 2035కల్లా ఐదు శాతానికి ఒప్పుకున్నాడు. మూడోది పన్ను. పెద్ద టెక్ కంపెనీల మీద వేసిన మూడు శాతం డిజిటల్ సేవల పన్ను తొలి వసూలు జూన్ 30న జరగాలి. ఐదేళ్లలో 700 కోట్ల డాలర్లకు పైగా వస్తుందనుకున్న ఆ పన్నును, ట్రంప్ చర్చలు ఆపేస్తానగానే, గడువుకు ముందు రోజు రాత్రి వదిలేసుకున్నారు. పార్లమెంటు ఆమోదించిన పన్ను అది. తాము ఎన్నుకున్న సభ వేసిన పన్నును పొరుగు దేశాధ్యక్షుడు ఒక పోస్టుతో కొట్టేయించగలడని తెలియడం ఏ ప్రజలకైనా నొప్పే.

ఆ నొప్పి అంతకు ముందే ఎన్నికల్లో బయటపడింది. జనవరిలో ఇరవైకి పైగా పాయింట్ల ఆధిక్యంతో ఉన్న కన్సర్వేటివ్ నేత పియర్ పోలియెవ్, ఏప్రిల్‌లో తన సొంత సీటు కూడా పోగొట్టుకున్నాడు. రెండు దేశాల కేంద్ర బ్యాంకులకు గవర్నరుగా చేసి, అప్పటిదాకా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని కార్నీ ప్రధానిగా గెలిచాడు. గోర్డీ హౌ ఆటతీరును గుర్తు చేసే ‘ఎల్బోస్ అప్’ నినాదం ఊరూరా మోగింది. ఒంటారియో ప్రభుత్వ మద్యం సంస్థ అరల్లోంచి అమెరికా సీసాలన్నీ తీసేసింది. కారు వేసుకుని అమెరికా వెళ్లి వచ్చే కెనడా వాళ్ల సంఖ్య ఆ ఏడాది కొన్ని నెలల్లో మూడో వంతు దాకా పడిపోయింది.

ఉత్సాహం ఒక ఎత్తు, బేరంలో బలం ఇంకో ఎత్తు. మార్చిలో ఒంటారియో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ మూడు అమెరికా రాష్ట్రాలకు వెళ్లే కరెంటు మీద 25 శాతం అదనపు చార్జీ వేసి మరునాడే వెనక్కి తీసుకున్నాడు. అక్టోబరులో అదే ఒంటారియో 7.5 కోట్ల డాలర్ల ప్రజాధనంతో రోనాల్డ్ రేగన్ 1987 రేడియో ప్రసంగాన్ని అమెరికా టీవీల్లో ప్రకటనగా వేయిస్తే, ట్రంప్ ఆగ్రహించి వాణిజ్య చర్చలే ఆపేశాడు. ఎన్నికల ప్రణాళికలో కార్నీ పార్టీ ప్రతీకార సుంకాల ద్వారా ఒక్క ఏడాదిలో 2,000 కోట్ల డాలర్లు వస్తాయని రాసుకుంది. సెప్టెంబరు 1కల్లా వాటిలో ఎక్కువ భాగాన్ని తనే ఎత్తేసింది. ఉక్కు, అల్యూమినియం, కార్ల మీద మాత్రం ఉంచింది. చిన్న ఆర్థిక వ్యవస్థ వేసే ప్రతి సుంకం తన వినియోగదారుడి జేబులోంచే ముందు వసూలవుతుంది కాబట్టి ఎత్తేయడం తప్పని నేను అనను. రాని ఆదాయాన్ని బడ్జెట్ లెక్కల్లో చూపించి ఓట్లు అడగడం మాత్రం తప్పే.

2025 నవంబరు 4న ఆర్థిక మంత్రి ఫ్రాన్స్వా-ఫిలిప్ షాంపేన్ పెట్టిన బడ్జెట్‌లో లోటు 7,830 కోట్ల డాలర్లు. కొవిడ్ సంవత్సరాలను పక్కనబెడితే ఇంత పెద్ద అంకె ఎప్పుడూ లేదు. దేశ ఆదాయంతో పోల్చితే మాత్రం తొంభైల నాటి స్థాయికి చాలా దూరం. వడ్డీ ఇప్పుడు ఆదాయంలో దాదాపు పదో వంతు తింటోంది. అప్పట్లో మూడో వంతు. ‘తక్కువ ఖర్చు, ఎక్కువ పెట్టుబడి’ అనేది దీని సూత్రం. రోజువారీ ఖర్చును, పెట్టుబడి ఖర్చును రెండు పద్దులుగా విడగొట్టారు. రోజువారీ పద్దు 2028-29కి సమతూకానికి రావాలి. అందుకోసం సమాఖ్య ఉద్యోగుల సంఖ్యను గరిష్ఠ స్థాయి నుంచి దాదాపు 40 వేలు తగ్గిస్తారు. రెండో పద్దులో రేవులు, విద్యుత్తు, గనులు, ఇళ్లు, రక్షణ ఉన్నాయి. సభలో ఇది 170-168తో గట్టెక్కింది. కొందరు ప్రతిపక్ష సభ్యులు ఓటు వేయకుండా ఉండటం వల్లే ప్రభుత్వం నిలిచింది.

ఈ విభజన ఆలోచనగా మంచిదే. జీతాల కోసం చేసే అప్పూ రేవు కోసం చేసే అప్పూ ఒకటి కావు. ప్రమాదమంతా ఏ ఖర్చును ఏ పద్దులో వేస్తారన్న దగ్గరే ఉంది. కంపెనీలకిచ్చే పన్ను రాయితీలను కూడా పెట్టుబడిగా లెక్కగట్టారు. ఈ నిర్వచనం మరీ వెడల్పుగా ఉందని పార్లమెంటరీ బడ్జెట్ అధికారి కార్యాలయం ఎత్తిచూపింది. ఏది పెట్టుబడో తేల్చే పని ప్రభుత్వ చేతిలోంచి తీసి స్వతంత్ర నిపుణులకు అప్పగించమంది. అది వెంటనే జరగాల్సిన పని. లేకపోతే సమతూకమైన పద్దు చూపించడానికి అడ్డొచ్చిన ప్రతి ఖర్చూ పెట్టుబడి పేరు పెట్టుకుంటుంది.

ఇంతకీ ప్రభుత్వ డబ్బు వ్యాపారంతో ఎలా పెనవేసుకుందో చూడాలంటే కలప మిల్లులోకి వెళ్లాలి. కెనడా అడవుల్లో అత్యధిక భాగం ప్రావిన్సుల సొంతం. కంపెనీ చెట్టు కొట్టుకున్నందుకు ప్రభుత్వం నిర్ణయించిన రుసుము కడుతుంది. అమెరికాలో అడవులు ఎక్కువగా ప్రైవేటువి, ధర మార్కెట్ చెబుతుంది. కాబట్టి కెనడా రుసుము తక్కువగా ఉండటమే దొడ్డిదారి సబ్సిడీ అని అక్కడి మిల్లుల వాదన. 1982లో మొదలైన ఈ తగాదా ఒప్పందాలు, ట్రిబ్యునళ్లు, మళ్లీ ఒప్పందాలుగా సాగి, 2015లో చివరి ఒప్పందం గడువు తీరాక ఇంతవరకూ తెగలేదు. 2025 అక్టోబరుకు పాత సుంకాలూ కొత్తవీ కలిసి 45 శాతానికి చేరాయి. అప్పటికే ఆగస్టులో ఒట్టావా 120 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అందులో సగానికి పైగా రుణ హామీలు. సబ్సిడీ ఉందన్న ఆరోపణ మీద సుంకం వేశారు. ఆ సుంకాన్ని తట్టుకోవడానికి సాయం చేశారు. రేపు ఆ సాయమే సబ్సిడీకి సాక్ష్యంగా వాషింగ్టన్ ఫైలులో చేరుతుంది. బ్రిటిష్ కొలంబియా లోపలి పట్టణాల్లో మిల్లు మూతపడితే బడిలో పిల్లలు తగ్గుతారు, మునిసిపాలిటీకి పన్ను తగ్గుతుంది. ఆ లోటు తిరిగి ప్రావిన్సు మీదే పడుతుంది.

సూ సెయింట్ మరీలోని అల్గోమా స్టీల్ కథా అంతే. 2025 సెప్టెంబరులో సమాఖ్య, ఒంటారియో ప్రభుత్వాలు కలిసి 50 కోట్ల డాలర్ల రుణం ఇచ్చాయి. డిసెంబరులో వెయ్యి మందికి ఉద్వాసన నోటీసులు వెళ్లాయి. రుణం కంపెనీని బతికించగలదేమో కానీ పోయిన మార్కెట్‌ను తేలేదు.

చమురు విషయంలో మాత్రం ఖజానా ఒక మార్కెట్‌ను నిజంగా తెచ్చింది. కెనడా ముడి చమురు ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా అమెరికాకే వెళ్లేది. పైపులన్నీ అటే ఉన్నాయి కాబట్టి కొనేవాడు చెప్పిందే ధర. 2018 చివర్లో అల్బర్టా చమురు అమెరికా చమురు కంటే పీపాకు 40 అమెరికా డాలర్లు తక్కువకు పోయింది. ప్రావిన్సు ప్రభుత్వమే ఉత్పత్తి తగ్గించమని కంపెనీలను ఆదేశించాల్సి వచ్చింది. ఆ ఏడాదే ట్రూడో ప్రభుత్వం పసిఫిక్ తీరానికి వెళ్లే ట్రాన్స్ మౌంటెన్ పైపులైనును దాదాపు 450 కోట్ల డాలర్లకు కొంది. విస్తరణ ముగిసేసరికి ఖర్చు 3,400 కోట్లు. పర్యావరణవాదులు తిట్టారు, పొదుపువాదులు తిట్టారు. 2024 మే 1న తెరుచుకున్నాక ఓడలు చైనా వైపూ కదిలాయి, అల్బర్టా ధర మెరుగుపడింది. పెట్టిన సొమ్ము మొత్తం ఖజానాకు తిరిగి వచ్చే అవకాశం తక్కువే. అయినా ఏడాది తిరక్కుండానే సుంకాల యుద్ధం మొదలైనప్పుడు, బేరానికి కూర్చున్న కెనడా చేతిలో ఉన్న అరుదైన ఆధారాల్లో అదొకటి. ఖర్చు అదుపు తప్పిన తీరును క్షమించలేం. ఉద్దేశం మాత్రం సరైనదే.

పాడి రంగానిది దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ. కోటాలతో ఉత్పత్తిని, రెండు వందల శాతం దాటే సుంకాలతో దిగుమతిని కట్టడి చేసే పద్ధతి డెబ్బయిల నుంచి నడుస్తోంది. ఖజానా నుంచి నేరుగా పెద్దగా ఖర్చు కాదు, ఆ భారం పాల ప్యాకెట్ కొనే పేదవాడి మీద పడుతుంది. దీని జోలికెళ్లిన నాయకుడు క్యూబెక్‌లో బతకడు. 2017లో కన్సర్వేటివ్ నాయకత్వ పోటీలో దీన్ని రద్దు చేస్తానన్న మాక్సిమ్ బెర్నియే వెంట్రుకవాసిలో ఓడాడు. పెద్ద వాణిజ్య ఒప్పందాల్లో కొంత మార్కెట్ వదులుకోవడం, రైతులకు వందల కోట్ల పరిహారం కట్టడం ఆనవాయితీ అయింది. 2025 జూన్‌లో ఒక చట్టం చేసి ఇకపై ఏ చర్చల్లోనూ ఈ రంగంలో రాయితీ ఇవ్వకుండా తమ చేతులు తామే కట్టేసుకున్నారు.

పొరుగువాడు తలుపేస్తే లోపలి గదుల మధ్య తలుపులైనా తెరుచుకోవాలి కదా. కెనడాలో అవీ బిగించే ఉన్నాయి. న్యూబ్రున్స్‌విక్‌కు చెందిన ఒకాయన 2012లో వంతెన దాటి క్యూబెక్ వెళ్లి చవకగా దొరికే బీరు కేసులు కారులో వేసుకొచ్చాడు. పోలీసులు 292.50 డాలర్ల జరిమానా వేశారు. ప్రావిన్సుల మధ్య సరుకు స్వేచ్ఛగా సాగాలని 1867 చట్టం చెబుతోందని ఆయన సుప్రీంకోర్టు దాకా పోరాడి 2018లో ఓడిపోయాడు. మద్యం గుత్తాధిపత్యం ప్రావిన్సులకు ఆదాయ వనరు కాబట్టి అవి వదలవు. నర్సుల లైసెన్సులు, లారీల నిబంధనలు, వడ్రంగి ధ్రువపత్రాలు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. 2025 జూన్‌లో సమాఖ్య స్థాయి అడ్డంకులు తొలగించే చట్టం వచ్చింది, ప్రావిన్సులూ కొంత కదిలాయి. ముప్పై ఏళ్ల ఉపన్యాసాలు చేయలేని పనిని ఒక బెదిరింపు చేయించింది.

ఈ లెక్కలో మన ఇళ్ల డబ్బు కూడా ఉంది. 2019లో ఒంటారియో ప్రభుత్వం స్థానిక విద్యార్థుల ఫీజును పది శాతం తగ్గించి అక్కడే స్తంభింపజేసింది. ప్రభుత్వ గ్రాంటు పెంచలేదు. ఆ ఖాళీని కాలేజీలు విదేశీ విద్యార్థుల ఫీజులతో నింపుకున్నాయి. ఆ విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు. పొలం తాకట్టు పెట్టో, బ్యాంకు రుణం తీసుకునో హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లిన పిల్లలూ వాళ్లలో ఉన్నారు. ఒక ప్రావిన్సు తన ప్రజల మీద వేయలేని పన్నును ఆ తల్లిదండ్రులు కట్టారని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇళ్ల అద్దెలు పెరిగి జనం మండిపడేసరికి 2024 జనవరిలో సమాఖ్య ప్రభుత్వం అనుమతులకు పరిమితి పెట్టింది. 2026కు కొత్త విద్యార్థుల లక్ష్యాన్ని 1,55,000కు కుదించింది. కోర్సులు మూతపడ్డాయి, కాలేజీల్లో వేల ఉద్యోగాలు పోయాయి. ఫీజు కట్టించుకున్నప్పుడు స్వాగతించి, ఇళ్ల కొరత వచ్చినప్పుడు ఆ పిల్లలనే కారణంగా చూపించారు. అది అన్యాయం.

ఇంకో బంధం వంటింట్లో ఉంది. మనం వండుకునే మైసూరు పప్పులో సస్కాచెవాన్ పొలాల్లో పండింది చాలానే ఉంటుంది. 2017లో భారత్ ఉన్నట్టుండి బఠాణీ మీద 50 శాతం, మైసూరు పప్పు మీద 30 శాతం సుంకం వేసినప్పుడు అక్కడి రైతులు ఇవాళ ఉక్కు కార్మికుడు పడుతున్న బాధే పడ్డారు. అమెరికాతో పాటే నడుస్తూ 2024 అక్టోబరులో చైనా ఎలక్ట్రిక్ కార్లపై కెనడా వంద శాతం సుంకం వేస్తే, చైనా మరుసటి ఏడాది కనోలా నూనె, బఠాణీల మీద వంద శాతంతో బదులిచ్చింది. ఒంటారియో కార్ల ఫ్యాక్టరీ కోసం ప్రెయిరీ రైతు మూల్యం చెల్లించాడు. మార్కెట్లు వెతుక్కోవడం అంటే ఇలాంటి తగాదాలను తీర్చుకోవడం కూడా. 2023 నుంచి తెగిపోయినట్టే ఉన్న భారత్‌తో సంబంధాలను అతికించి, 2025 నవంబరులో జొహన్నెస్‌బర్గ్‌లో కార్నీ, మోదీ సమగ్ర వాణిజ్య చర్చలు మొదలుపెట్టాలని నిర్ణయించుకోవడం ఆ దారిలోని అడుగే.

త్రైపాక్షిక ఒప్పందాన్ని మూడు దేశాలూ కూర్చుని సమీక్షించాలని ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. దానికి పెట్టుకున్న తేదీ 2026 జూలై 1, కెనడా జాతీయ దినం. ముగ్గురూ సరేనంటే గడువు మరో పదహారేళ్లు పెరుగుతుంది. ఒక్కరు కాదన్నా ఒప్పందం చచ్చిపోదు, 2036 దాకా ఏటా సమీక్షలు నడుస్తాయి. పైకి మెత్తగా కనిపించే ఈ రెండో దారే కెనడాకు ఎక్కువ ప్రమాదం. ఏటా సందేహం ఉంటే ఫ్యాక్టరీ పెట్టేవాడు సరిహద్దుకు అవతలి వైపే పెడతాడు. 2025 అక్టోబరులో స్టెల్లాంటిస్ బ్రాంప్టన్‌లో తీయాల్సిన జీప్‌ను ఇల్లినాయ్‌కి మార్చుకుంది. పాడి రంగంలో చేతులు కట్టేసుకుని, డిజిటల్ పన్ను ముందే వదిలేసుకుని, ప్రతీకార సుంకాలు సగానికి పైగా ఎత్తేసి బేరానికి కూర్చునే దేశానికి ఇవ్వడానికి మిగిలినవి గనుల ఖనిజాలు, రక్షణ కొనుగోళ్లు, చమురు. వీటిలో ప్రతిదానికీ ముందు ప్రజాధనం పెట్టాలి. ఆ ఖర్చుకు ఆమోదం తెలపాల్సిన సభలో బడ్జెట్ రెండు ఓట్ల తేడాతో బయటపడింది.